లేని కీబోర్డుతో డ్రైవరుకు పరీక్ష

కీబోర్డు, మౌస్, టచ్‌ప్యాడ్ వంటి పరికరాల నుంచి వచ్చే సంకేతాలను అందుకుని, వాటిని ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలిసిన రూపంలోకి మార్చి ఇచ్చే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని స్టేషన్ ఘన్‌పూర్‌లో గాని మరెక్కడైనా గాని, లినక్స్ కంప్యూటరు మీద ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ‘తెలుగు’ అని టైపు చేయాలంటే ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి మీటలను వరుసగా నొక్కాలి. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అన్న క్రమం అది. అయితే 1991 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 13194లో చోటుచేసుకున్న ఈ అమరిక సంగతి కీబోర్డుకూ తెలియదు, డ్రైవరుకూ తెలియదు. వాటి మధ్య నడిచేదంతా అంకెల వ్యవహారమే.

సాదా యూఎస్‌బీ కీబోర్డు పంపే నివేదికలో ఎనిమిది బైట్లుంటాయి. మొదటిది షిఫ్ట్, కంట్రోల్ వంటి మీటల స్థితిని చెబుతుంది, రెండోది ఖాళీ, తక్కిన ఆరింటిలో ఆ క్షణాన నొక్కి ఉన్న మీటల సంఖ్యలుంటాయి. ఎల్ మీట నొక్కితే మూడో బైటులో 15 చేరుతుంది, వదిలితే అన్నీ సున్నాలవుతాయి. డ్రైవర్ పాత నివేదికను కొత్తదానితో పోల్చి, ఆ 15ను లినక్స్ సొంత లెక్క ప్రకారం 38గా మార్చి, నొక్కినప్పుడు 1 అనీ వదిలినప్పుడు 0 అనీ పై అంచెకు తెలియజేస్తుంది. 38 అంటే ‘త’ అని నిర్ణయించే పని ఆ పై అంచెలది.

ఇంతమాత్రానికి పరీక్ష ఎందుకంటే, మంచి కీబోర్డు ఎన్నడూ తప్పు చేయదు, చెడ్డ కీబోర్డు కోరినప్పుడు తప్పు చేయదు. మీట నొక్కి ఉండగానే తీగ ఊడితే, వదిలినట్టు చెప్పే నివేదిక రానే రాదు; అప్పుడు డ్రైవర్ వ్యవస్థే ఆ మీటను వదిలినట్టు ప్రకటించాలి, లేకుంటే తెర మీద ‘త’ వరుసకట్టి పడుతూనే ఉంటుంది. ఇలాంటి సందర్భాన్ని వందసార్లు ఒకే తీరున పుట్టించడం మనిషి చేతికి సాధ్యం కాదు గనుక, కీబోర్డులాగా నటించే ప్రోగ్రామును, అంటే ఒక ఉత్తుత్తి కీబోర్డును, రాసి దాని చేత ఆ నివేదికలు పంపిస్తారు.

ఆ ఉత్తుత్తి పరికరాన్ని ఏ అంచెలో నిలబెడుతున్నామన్నదే ఇక్కడ అసలు ప్రశ్న; చాలామంది తడబడేదీ ఇక్కడే. లినక్స్‌లో బాగా ప్రచారంలో ఉన్న యూఇన్‌పుట్ అనే సదుపాయం 38 అన్న సంఖ్యను నేరుగా పై అంచెలోకి వదులుతుంది. తెలుగు అమరిక సరిగా పనిచేస్తున్నదో లేదో చూడడానికి అది చాలు. కాని 15ను 38గా మార్చే డ్రైవరును అది తాకనే తాకదు కాబట్టి, దానితో డ్రైవరును పరీక్షించామనుకోవడం భ్రమ. కీబోర్డు, మౌస్ వంటి పరికరాల వర్గాన్ని హెచ్‌ఐడీ అంటారు; డ్రైవరుకు కింది నుంచి ఎనిమిది బైట్ల నివేదికనే అందించేది యూహెచ్‌ఐడీ. డేవిడ్ హెర్మన్ రాసిన ఈ భాగం 2012లో లినక్స్ 3.6తో వెలువడింది. దాన్ని తలపెట్టింది బ్లూటూత్ పరికరాల కోసమే అయినా, పరీక్షల వారికి అంతకంటే ఎక్కువగా కలిసివచ్చింది. విండోస్ 10లోనూ ఇలాంటి పనికి వర్చువల్ హెచ్‌ఐడీ ఫ్రేమ్‌వర్క్ ఉంది.

బెంజమిన్ టిసువార్ అభివృద్ధి చేసిన హెచ్‌ఐడీ పనిముట్లు యూహెచ్‌ఐడీ మీదే ఆధారపడ్డాయి. ఘన్‌పూర్‌లో ఎవరి టచ్‌ప్యాడైనా వింతగా ప్రవర్తిస్తే, ఆ పరికరం తన గురించి చెప్పుకునే వివరణను, అది పంపిన నివేదికలను ఒక ఫైలులో నమోదు చేసి పంపితే చాలు. ఆ పరికరాన్ని కంటితో చూడని డెవలపర్ వేరే దేశంలో కూర్చుని, అవే నివేదికలను అదే వ్యవధితో తన కంప్యూటరులో తిరిగి నడిపించి చూడగలడు. కీబోర్డు విషయంలో మాత్రం నొక్కిన ప్రతి మీటా ఆ ఫైలులో ఉంటుంది కనుక, నమోదు సాగుతుండగా పాస్‌వర్డు కొట్టడం కొరివితో తల గోక్కోవడమే.

పరికరం అబద్ధమాడితే ఏమవుతుందో చూడాలంటే ఇంకా కిందికి, యూఎస్‌బీ అంచెకు దిగాలి. గూగుల్‌లో పనిచేస్తూ ఆంద్రేయ్ కొనొవలోవ్, సిజ్‌కాలర్ అనే పరీక్షా సాధనంతో అడ్డదిడ్డమైన ఉత్తుత్తి యూఎస్‌బీ పరికరాలను పుట్టించి, 2017 నవంబరులో లినక్స్ యూఎస్‌బీ డ్రైవర్లలోని 14 భద్రతా లోపాలను ఒకేసారి ప్రకటించాడు. వాటిలో ఒకటి కీబోర్డులు, మౌస్‌లు నడిచే భాగంలోనిదే. తనలో ఇన్ని వివరణ పత్రాలున్నాయని పరికరం ఒక సంఖ్య చెబుతుంది; లినక్స్ మూలభాగమైన కెర్నెల్ ఆ సంఖ్యను నమ్మి, పంపిన సమాచారం నిజంగా అంత పొడవున్నదా అని చూసుకోకుండా చదువుకుంటూ పోయి, హద్దు దాటి పక్క మెమరీలోకి వెళ్లేది. పొడవును సంఖ్యతో సరిపోల్చే చిన్న తనిఖీతో దాన్ని సరిదిద్దారు. దుకాణంలో కొన్న ఏ కీబోర్డుతోనూ ఈ లోపం బయటపడేది కాదు.

ఉత్తుత్తి పరికరానికి అందనివీ ఉన్నాయి. మీట నొక్కినప్పుడు లోపలి లోహపు కొనలు క్షణకాలం అదిరి పలుమార్లు తగులుతాయి. ఆ అదురును వడకట్టేది కీబోర్డులోనే ఉన్న చిప్పు. అది అరకొరగా పనిచేసి ఒక నొక్కుకు రెండు అక్షరాలు పడితే, ఆ జంట నివేదికను ప్రోగ్రాము అచ్చంగా అనుకరించగలదు గాని, దుమ్ము వల్లనా, అరిగిన మీట వల్లనా అన్నది తేల్చాలంటే అసలు కీబోర్డునే విప్పి చూడాలి.