బడిగంట మోత - ఆటిజం గల విద్యార్థి

ఇంటిగంట కొట్టగానే పిల్లలందరు సంతోషముతో లేచి నిలబడుదురు. అదే మోతకు ఒక విద్యార్థి రెండు చెవులు మూసికొని బల్ల క్రింద దూరినచో, అది అల్లరి యని మనము తలచుట కద్దు. ఆ విద్యార్థికి ఆటిజం ఉన్నయెడల కారణమును నాడీమండలములో వెదకవలెను.

చొక్కా ఒంటికి తగులుచున్నదనిగాని, పంకా తిరుగుచున్నదనిగాని మనకు క్షణక్షణము తోచదు గదా! ఒకే సంవేదన మరల మరల వచ్చునప్పుడు మెదడు దానికి అలవాటుపడి, స్పందనను తగ్గించుకొనును. ఆటిజం గల పిల్లలు కొందరిలో ఈ తగ్గుదల సరిగా జరుగదని మెదడు చిత్రణ పరీక్షలలో కనబడినది. కనుక "రోజూ వింటే అదే అలవాటవుతుంది" అను మాట వీరియెడల చెల్లదు. పదవ గంటయు మొదటి గంట వలెనే బాధింపవచ్చును.

1943లో అమెరికా వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లలను గూర్చి వ్రాసిన వ్యాసములోనే పెద్ద శబ్దములకు బెదరుట ప్రస్తావింపబడినది. 2013లో వెలువడిన అమెరికా మనోవైద్యుల నిర్ధారణ గ్రంథపు ఐదవ కూర్పు, ఇంద్రియ స్పందనలోని హెచ్చుతగ్గులను ఆటిజం లక్షణములలో ఒకటిగా పేర్కొన్నది.

అందరి బాధ ఒక తీరుది కాదు. ఒకరికి చొక్కా మెడపట్టీ ముల్లువలె గ్రుచ్చును. ఒకరికి మధ్యాహ్న భోజనపు గుడ్డు వాసన వాంతి తెప్పించును. పాతరకపు చోకు గల ట్యూబులైటు వెలుగు సెకనుకు 100 మార్లు హెచ్చి తగ్గును. మనలో చాలమందికి తెలియని ఆ అదురు కొందరిని వేధించును. స్పందన తక్కువైనవారును కలరు. వీరు దెబ్బ తగిలినను ఆలస్యముగా గుర్తింతురు. ఊగుట, గెంతుట కోరుదురు. ఒకే విద్యార్థిలో రెండును ఉండవచ్చును.

ఏ వేళ, ఏ చోట, దేని తరువాత విద్యార్థి కలవరపడినదియు రెండు వారములు నోటుపుస్తకములో వ్రాసినచో కారణము తరచు బయటపడును. తల్లిదండ్రులకు ఇందులో చాలవరకు తెలిసియే యుండును, అడుగువారే కరవు. వారు ప్రధానోపాధ్యాయునికి ఇచ్చు దరఖాస్తులో "మా బాబుకు శబ్దములు పడవు" అని ఊరకొనక, గంటకు రెండు నిమిషములు ముందు తెలుపుట, ప్రార్థనలో మైకునకు దూరముగా నిలుపుట, చెవి తొడుగులకు అనుమతి, కలవరము హెచ్చినపుడు గ్రంథాలయములో పది నిమిషములు కూర్చుండనిచ్చుట - ఇట్లు విడివిడిగా కోరుట మేలు. తొడుగులు మోత హెచ్చు వేళలకే చాలును. పాఠము వినవలెను గదా.

ఒకరికి ఇచ్చిన తరువాత అందరు అడుగుదురని కొందరు ఉపాధ్యాయులు సంశయింతురు. కళ్ళజోడు పెట్టుకొన్న పిల్లవానిని చూచి తక్కినవారు కళ్ళజోళ్ళు కోరుట లేదు! పైగా ఇది దయతో ఇచ్చునది కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును గుర్తించినది. ప్రభుత్వ నిధులుగాని గుర్తింపుగాని పొందిన బడులలో విద్యార్థి అవసరమును బట్టి సముచితమైన సదుపాయము కల్పింపవలెనని దాని 16వ సెక్షను చెప్పుచున్నది. మన రెండు రాష్ట్రములలో భవిత కేంద్రముల ఉపాధ్యాయుల సలహాయు పొందవచ్చును.

పదవ తరగతి పరీక్షకు మాత్రము ముందే సిద్ధపడవలెను. అచటి భవనము క్రొత్తది, గంటయు క్రొత్తది. వీలైనచో ముందునాడే విద్యార్థిని తీసికొనిపోయి, కూర్చుండు గదిని చూపి, ఆ గంట మోతను ఒకమారు వినిపింపవలెను.