ఘాట్ రోడ్ల ప్రయాణానికి బ్రేకు డిస్కులు, ప్యాడ్ల ఎంపిక - వాహన యజమానులు గమనించవలసిన అంశాలు

తిరుమల, శ్రీశైలం, అరకు, పాడేరు, మారేడుమిల్లి వంటి కొండ ప్రాంతాలకు సొంత కార్లలోను, అద్దె వాహనాలలోను వెళ్ళే యాత్రికులు, పర్యాటకులు ఎందరో ఉన్నారు. మైదాన ప్రాంతంలో ఏ లోపమూ కనబడని బ్రేకులు ఘాట్ రోడ్డు దిగే సమయంలో పట్టు కోల్పోయే ప్రమాదం ఉంది. అందువల్ల అరిగిపోయిన డిస్కులు, ప్యాడ్ల స్థానంలో కొత్తవి వేయించుకునేటప్పుడు ధరను మాత్రమే గాక, అవి ఎంతటి వేడిని తట్టుకోగలవన్న విషయాన్ని ప్రధానంగా పరిశీలించవలసి ఉంటుంది.

కొండ దిగేటప్పుడు పుట్టే వేడి

బ్రేకు వేయడమంటే వాహనపు చలన శక్తిని వేడిగా మార్చడమే. తిరుమల సముద్ర మట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్నది. దిగువనున్న తిరుపతి పట్టణానికి, కొండ పైభాగానికి మధ్య ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డు ప్రస్తుతం కొండ దిగే వాహనాలకు వినియోగంలో ఉంది. ప్రయాణికులతో కలిపి 1500 కిలోల బరువున్న కారు అంత ఎత్తు నుండి దిగినప్పుడు వెలువడే శక్తి, సుమారు 30 లీటర్ల నీటిని మామూలు ఉష్ణోగ్రత నుండి మరిగే స్థాయికి తీసుకురావడానికి సరిపోతుంది. ఇందులో కొంత భాగం గాలి నిరోధానికి, టైర్ల రాపిడికి, ఇంజనుకు పోగా మిగిలినదంతా బ్రేకులే భరించాలి. న్యూట్రల్‌లో దిగితే ఇంజను వాటా లేకుండా పోయి, ఆ భారం కూడా బ్రేకులపైనే పడుతుంది.

మైదానంలో ఒకసారి బ్రేకు వేసిన తరువాత అవి చల్లబడడానికి వ్యవధి లభిస్తుంది. ఘాట్ రోడ్డుపై మలుపు వెంట మలుపు రావడం వలన ఆ వ్యవధి ఉండదు. దీనితో డిస్కుల ఉష్ణోగ్రత కొన్ని వందల డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. వాహనం బరువు పెరిగిన కొద్దీ ఈ వేడి కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డుపై, సామర్థ్యానికి మించి ప్రయాణికులతో దిగుతున్న బస్సు లోయలో పడిన దుర్ఘటనలో 60 మందికి పైగా మరణించారు. దిగువకు వెళ్ళే మార్గంలో అధిక బరువు ఎంత ప్రమాదకరమో ఆ విషాదం గుర్తుచేస్తున్నది.

బ్రేకులు పట్టు తప్పే రెండు విధాలు

వేడి వలన బ్రేకులు రెండు విధాలుగా విఫలమవుతాయి. మొదటిది, ప్యాడ్లు తాము తట్టుకోగలిగిన ఉష్ణోగ్రతను మించి వేడెక్కి రాపిడి గుణాన్ని కోల్పోవడం. ఈ స్థితిలో పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత బలంగా తొక్కినా వేగం మాత్రం తగ్గదు. మాడిన వాసన, చక్రాల వద్ద పొగ దీనికి సూచనలు. రెండవది, వేడి ప్యాడ్ల గుండా కాలిపర్‌కు చేరి అందులోని బ్రేక్ ఆయిల్ మరగడం. అప్పుడు ఆయిల్‌లో ఆవిరి బుడగలు ఏర్పడి, పెడల్ మెత్తబడి అడుగు వరకు దిగిపోతుంది. మొదటి లోపానికి పరిష్కారం సరైన ప్యాడ్లు, డిస్కులు కాగా రెండవ దానికి తాజా బ్రేక్ ఆయిల్. ఒకటి మార్చి మరొకటి విస్మరించడం వలన ఘాట్ రోడ్డుపై పూర్తి రక్షణ లభించదు.

డిస్కుల ఎంపిక

డిస్కు కేవలం రాపిడికి తోడ్పడే పళ్ళెం కాదు. పుట్టిన వేడిని కొంతసేపు తనలో దాచుకుని, క్రమంగా గాలిలోకి వదిలేది అదే. అందువలన డిస్కులో ఎంత ఇనుము ఉన్నదన్నది ముఖ్యం. ప్రతి డిస్కుపైన లేదా వాహన సర్వీసు పుస్తకంలో కనీస మందం మిల్లీమీటర్లలో సూచించబడి ఉంటుంది. ఉదాహరణకు 22 మి.మీ. మందంతో వచ్చిన డిస్కుకు 20 మి.మీ. కనీస పరిమితి ఉన్నదనుకుంటే, తేడా స్వల్పంగానే తోచవచ్చు. అయితే డిస్కు నడుమ గాలి ఆడేందుకు ఉంచిన 8 మి.మీ. ఖాళీని మినహాయిస్తే ఇనుము మందం 14 మి.మీ. మాత్రమే. అంటే 2 మి.మీ. అరుగుదలతో వేడిని దాచుకునే ఇనుములో ఏడో వంతు పోయినట్లు లెక్క. కనీస పరిమితికి దగ్గరపడిన డిస్కులను లేత్‌పై చెక్కించి మళ్ళీ వాడడం మైదానంలో పొదుపుగా కనిపించినా, కొండ ప్రయాణానికి తగదు.

ముందు చక్రాలకు నడుమ గాలి మార్గాలున్న డిస్కులు అమర్చబడిన వాహనానికి మళ్ళీ అదే రకం డిస్కులు వేయాలి. చౌకగా వస్తున్నదని గాలి మార్గాలు లేని రకాన్ని ఎంచుకోరాదు. రంధ్రాలున్న డిస్కులు చూడడానికి ఆకర్షణీయంగా ఉన్నా, పదేపదే వేడెక్కి చల్లబడినప్పుడు రంధ్రాల చుట్టూ పగుళ్ళు ఏర్పడే అవకాశం ఉంది. పైగా రంధ్రాల మేరకు ఇనుము తగ్గుతుంది. గీతలు చెక్కిన డిస్కులు ప్యాడ్లపై పేరుకున్న ధూళిని తొలగిస్తాయి గాని, ప్యాడ్లను త్వరగా అరగదీస్తాయి. సాధారణ కుటుంబ వాహనానికి నాణ్యమైన పోత ఇనుముతో చేసిన, నునుపైన, గాలి మార్గాలున్న డిస్కు శ్రేయస్కరం. వాహన ఉత్పత్తిదారు నిర్దేశించిన పరిమాణాన్ని మార్చి పెద్ద డిస్కులు, వేరే కాలిపర్లు అమర్చడం వలన ముందు, వెనుక బ్రేకుల మధ్య సమతూకం దెబ్బతింటుంది.

ప్యాడ్ల ఎంపిక

ప్యాడ్లు ప్రధానంగా మూడు రకాలు. సేంద్రియ పీచు పదార్థాలతో తయారైనవి శబ్దం లేకుండా, డిస్కును అరగదీయకుండా పని చేస్తాయి. ఎక్కువ వేడిలో మాత్రం వీటి పట్టు త్వరగా తగ్గుతుంది. లోహపు పొడి, పీచు కలిసిన సెమీ మెటాలిక్ ప్యాడ్లు అధిక వేడిని తట్టుకుంటాయి. వీటితో కొంత శబ్దం, నల్లటి ధూళి, డిస్కు అరుగుదల ఎక్కువగా ఉంటాయి. సిరామిక్ ప్యాడ్లు ధూళి, శబ్దం తక్కువగా ఉండి నగర వినియోగానికి అనువుగా ఉంటాయి. తరచుగా కొండ మార్గాలలో, నిండు బరువుతో తిరిగే అద్దె కార్లకు, జీపులకు ఉత్పత్తిదారు ఆమోదించిన సెమీ మెటాలిక్ ప్యాడ్లు మేలు. ఏడాదికి ఒకటి రెండు సార్లు మాత్రమే కొండకు వెళ్ళే వారికి వాహనంతో వచ్చిన రకానికి సమానమైన నాణ్యమైన ప్యాడ్లు, సరైన మందంలో ఉంటే చాలు. పందెం కార్ల ప్యాడ్లు బాగా వేడెక్కితే గాని పట్టవు కనుక, రోజువారీ వాహనాలకు అవి ప్రమాదకరం.

అనేక ప్యాడ్ల అంచుపై లేదా వెనుక రేకుపై ముద్రించిన సంకేతం చివర రెండు ఆంగ్ల అక్షరాలు ఉంటాయి. మొదటి అక్షరం మామూలు వేడిలోను, రెండవది అధిక వేడిలోను రాపిడి గుణకాన్ని తెలుపుతాయి. ‘ఇ’ అంటే 0.25 నుండి 0.35 వరకు, ‘ఎఫ్’ అంటే 0.35 నుండి 0.45 వరకు, ‘జి’ అంటే 0.45 నుండి 0.55 వరకు అని అర్థం. ‘ఎఫ్ఎఫ్’ అని ఉంటే వేడెక్కిన తరువాత కూడా పట్టు అదే శ్రేణిలో నిలుస్తుందని, ‘ఎఫ్ఇ’ అని ఉంటే తగ్గుతుందని గ్రహించవచ్చు. అయితే ఈ అక్షరాలు ప్యాడ్ తట్టుకోగల గరిష్ఠ ఉష్ణోగ్రతను గాని, మన్నికను గాని తెలుపవు.

ప్యాడ్ పదార్థం మందం 3 మి.మీ.కు తగ్గక ముందే మార్చడం మంచిది. పలచబడిన ప్యాడ్ గుండా వేడి బ్రేక్ ఆయిల్‌కు త్వరగా చేరుతుంది. ఒకే ఇరుసుపై ఉన్న రెండు చక్రాలకూ ప్యాడ్లు, డిస్కులు ఒకేసారి మార్చాలి. వెనుక చక్రాలకు డ్రమ్ బ్రేకులున్న కార్లలో వాటి షూలను కూడా తనిఖీ చేయించాలి. అవి సరిగా పని చేయకపోతే మొత్తం భారం ముందు డిస్కులపైనే పడుతుంది. పేరు, బ్యాచ్ నంబరు, బిల్లు లేని సరుకును కొనుగోలు చేయరాదు.

బ్రేక్ ఆయిల్

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ తాజాగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. తేమ చేరిన తరువాత ఆ ప్రమాణం 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4 రకానికి ఇవి వరుసగా 230, 155 డిగ్రీలు. ఉత్పత్తిదారు సూచించిన రకాన్నే, సీలు తీయని డబ్బా నుండి పోయించుకోవాలి. సర్వీసు పుస్తకంలో వేరే గడువు లేనిచో రెండేళ్ళకొకసారి ఆయిల్ మార్పించడం మంచిది.

అమర్చిన తరువాత

కొత్త ప్యాడ్లు, డిస్కులు ఒకదానికొకటి సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది. రద్దీ లేని సమతల రోడ్డుపై సుమారు 50 కిలోమీటర్ల వేగం నుండి 15 కిలోమీటర్లకు, పూర్తిగా ఆపకుండా, పదిసార్ల వరకు మితంగా బ్రేకు వేసి, తరువాత కొంత దూరం బ్రేకు వేయకుండా నడిపి చల్లబడనివ్వాలి. ప్యాడ్లు మార్చిన రోజుననే ఘాట్ ప్రయాణానికి బయలుదేరడం సరి కాదు.

ఘాట్ రోడ్డుపై జాగ్రత్తలు

ఎంత నాణ్యమైన డిస్కులైనా, ప్యాడ్లైనా చిన్న గేరుకు ప్రత్యామ్నాయం కావు. ఏ గేరులో కొండ ఎక్కారో అదే గేరులో దిగాలన్న అనుభవజ్ఞుల మాట నేటికీ అనుసరణీయం. ఆటోమేటిక్ వాహనాలలో ‘ఎల్’ లేదా మాన్యువల్ స్థానాన్ని వినియోగించాలి. విద్యుత్ కార్లు దిగేటప్పుడు మోటారు ద్వారా బ్యాటరీకి చార్జింగ్ జరుగుతూ వేగం అదుపులో ఉంటుంది. కొండపైనే బ్యాటరీని పూర్తిగా నింపితే ఈ సౌలభ్యం తగ్గి, భారం బ్రేకులపై పడుతుంది. ఏబీఎస్ చక్రాలు జారకుండా కాపాడుతుందే గాని, వేడెక్కిన బ్రేకులకు పట్టు తీసుకురాలేదు.

పెడల్‌ను ఆసాంతం తొక్కి ఉంచకుండా, మలుపుకు ముందే గట్టిగా వేగం తగ్గించి వదిలివేయడం వలన డిస్కులు చల్లబడతాయి. మాడిన వాసన గాని, పెడల్‌లో మార్పు గాని గమనించిన వెంటనే సురక్షిత స్థలంలో వాహనాన్ని నిలిపి, కనీసం అరగంట ఆగాలి. వేడి డిస్కులపై నీళ్ళు పోస్తే అవి పగిలే లేదా వంకర పోయే ప్రమాదం ఉంది. చక్రాలకు అడ్డుగా పెట్టిన రాళ్ళను బయలుదేరే ముందు రోడ్డుపై నుండి తొలగించడం తోటి వాహనదారుల భద్రతకు అవసరం.

కొండ ప్రయాణానికి కనీసం వారం రోజుల ముందుగా డిస్కుల మందం, ప్యాడ్ల మందం, బ్రేక్ ఆయిల్ తనిఖీ చేయించుకోవాలని, అద్దె వాహనాల యజమానులు ఈ విషయంలో ప్రత్యేక శ్రద్ధ వహించాలని, ప్రయాణికులు సైతం బయలుదేరే ముందు బ్రేకుల స్థితిని గురించి డ్రైవరును అడిగి తెలుసుకోవాలని విజ్ఞప్తి.