మాడు మీదుగా మెదడు పటం

నెలలు నిండకుండా పుట్టిన శిశువు నెత్తి ముందుభాగాన మెత్తగా తగిలే మాడు, పుర్రె ఎముకలు ఇంకా కలవని చోటు కావడం వల్ల, అల్ట్రాసౌండ్ తరంగాలు మెదడులోకి వెళ్లడానికి సహజమైన కిటికీగా పనిచేస్తుంది. అల్ట్రాసౌండ్ యంత్రాన్ని శిశువు పక్కకే తెచ్చుకోవచ్చు కనుక, 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైన ఇలాంటి జిల్లాలకు ముందుగా అందవలసిన పరీక్ష ఇదే. నెలలు తక్కువైన శిశువుల మెదడులో, ద్రవంతో నిండిన గదుల చుట్టూ కలిగే రక్తస్రావం ఎక్కువగా మొదటి 3 రోజుల్లోనే వస్తుంది కాబట్టి, పసికందును దూరం తరలించకుండా అక్కడికక్కడే చూడగలగడం ఎంతో విలువైనది.

మరింత సూక్ష్మమైన పటానికి ఎమ్మారై కావాలి. ఎక్స్-కిరణాలు వాడకుండా, బలమైన అయస్కాంత క్షేత్రంలో హైడ్రోజన్ కేంద్రకాలు ఇచ్చే సంకేతాలతో చిత్రాన్ని నిర్మించే ఈ పద్ధతిలో, నీరు నాడీతంతువుల వెంట సులువుగా, వాటికి అడ్డంగా కష్టంగా కదిలే తీరును కొలిచి, మెదడు భాగాలను కలిపే దారులను గుర్తిస్తారు. లండన్‌లోని కింగ్స్ కాలేజీ, ఇంపీరియల్ కాలేజీ, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కలిసి చేసిన పరిశోధనలో, శిశువులకు పాలు పట్టి, గుడ్డలో చుట్టి, చెవులకు శబ్దం తగలకుండా కాపాడి, మత్తుమందు లేని సహజ నిద్రలోనే చిత్రాలు తీశారు. ఐఐటీ మద్రాస్ 2024లో వెలువరించిన ‘ధరణి’ అనే మెదడు పటం మరో దారి తొక్కి, గర్భస్థ పిండాల మెదడును 5,132 పలుచని పొరల చిత్రాలుగా, కణాల స్థాయిలో చూపింది.

చిత్రంలో మార్పు కనిపించిన ప్రతి బిడ్డా వెనకబడదు, ఏమీ కనిపించనంత మాత్రాన ముప్పు పూర్తిగా తొలగిపోదు. అందుకే మెడ నిలపడం, చూపు కలపడం, కూర్చోవడం వంటి ఎదుగుదల మెట్లను వైద్యులు నెలల తరబడి పరీక్షిస్తూనే ఉండాలి.