మన ముత్తవ్వల పేర్లు - జనాభా లెక్కలు

పితృకార్యములయందు తండ్రి, తాత, ముత్తాతల పేర్లును, తల్లి, నాయనమ్మ, ఆమె యత్తగారి పేర్లును చెప్పుదురు. నాలవ తరము మాట యెత్తినచో ఇంటిలోని వృద్ధులు సైతము తడబడుదురు. ఇటీవల మా చర్లపల్లిలో కొందఱు సోదరీమణులు వంశవృక్షములు వ్రాయబూని, "పాత జనాభా లెక్కలు వెదకినచో మా ముత్తవ్వ పేరు దొరకదా?" యని మమ్ము నడుగుచున్నారు.

దొరకదనియే చెప్పవలసియున్నది. ఇంగ్లండున ఇంటింటి లెక్కల కాగితములను దాచి, నూఱేండ్లు గడచిన పిదప ప్రజలకు చూపుదురు. 1921 నాటివి 2022లో బయటికి వచ్చినవి. అమెరికాలో ఆ గడువు డెబ్బదిరెండేండ్లు. మన నైజాము రాజ్యమున 1881లో మొదలుకొని పదియేండ్ల కొకమాఱు లెక్కలు తీసినను, పట్టికలు కూర్చిన పిమ్మట ఇంటింటి కాగితములను భద్రపఱచు పద్ధతి లేకపోయెను. 1948 నాటి జనగణన చట్టము ననుసరించి, తరువాతి లెక్కల కాగితములను చూచు హక్కు ఎవ్వరికిని లేదు.

ఇంతకన్న మనస్సు నొప్పించు సంగతి మఱియొకటి కలదు. ఆ కాలపు లెక్కలలో స్త్రీ పేరు చెప్పుటకు ఇంటివా రొల్లనిచో, పేరునకు బదులు "స్త్రీ" యని వ్రాసికొనుటకు అనుమతి యుండెను. ఆ కాగితములు నేడు మన చేతి కందినను, ఎందఱో ముత్తవ్వలు ఆ యొక్క మాటగానే కనబడుదురు. 1860లో ట్రూరో యను ఓడ మదరాసునుండి నేటాలునకు చేరినది మొదలు, కూలికై సముద్రము దాటిన స్త్రీల పేర్లను, తండ్రి పేర్లను, ఊళ్లను ఓడ పట్టీలలో వ్రాసియుంచిరి. దక్షిణాఫ్రికాలోని తెలుగువారు వాని ననుసరించియే తమ పూర్వుల గ్రామములను వెదకుకొనుచున్నారు. కడుపేదలైన ఆ తల్లుల పేర్లు నిలిచినవి. గడప దాటని యిల్లాండ్ర పేర్లు పోయినవి!

అట్లని లెక్కల పుస్తకములు నిరుపయోగములని యనరాదు. 1951 మొదలు వెలువడిన జిల్లా పుస్తకములలో గ్రామమునకు ఇండ్లెన్ని, జనమెందఱు, చదువరు లెందఱు అను వివరము లుండును. చదువు నేర్చిన స్త్రీల సంఖ్య చూచితిరా, మీ అమ్మమ్మ బ్రతికిన యూరు కన్నులకు గట్టును. అవి జనగణనశాఖవారి అంతర్జాల గ్రంథాలయమున లభించును. వానినుండి వ్రాసికొనునపుడు సంవత్సరము, జిల్లా, తాలూకా, పుట తప్పక గుర్తింపవలెను. జిల్లా పేరు మఱింత ముఖ్యము. ఈ ప్రాంతమే నైజాము నాట అత్రాఫ్ బల్దా జిల్లా, పిదప హైదరాబాదు జిల్లా, 1978 నుండి రంగారెడ్డి జిల్లా, 2016 నుండి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. ఊరు కదలలేదు గాని జిల్లా పేరు మూడు మాఱులు మాఱినది. పాత కాగితములలో ఫసలీ సంవత్సర మున్నచో దానికి సుమారు 590 కలిపిన క్రీస్తుశకము వచ్చును. అయినను మూలమున నున్న సంఖ్యను సైతము వ్రాసియుంచుడు.

వయస్సులను మాత్రము గట్టిగా నమ్మరాదు. లెక్కలలో ముప్పదియు, నలుబదియు, ఏబదియు ఏండ్లవారే మిక్కిలిగా కనబడుదురు! మా వారు ఉపాధ్యాయులగుటచే, పాత ప్రవేశపుపుస్తకములలో బడికి వీలుగా వేసిన పుట్టినతేదీ లెన్నియో మే మెఱుగుదుము. వినికిడి నొకవైపునను, కాగితమునం దున్నదాని నొకవైపునను వ్రాసి, ఎవరు చెప్పిరో, ఏనాడు చెప్పిరో ప్రక్కన చేర్చుట మేలు. 1931 వఱకు ఒక్క రాత్రిలో ఎక్కడివారి నక్కడనే లెక్కించిరి గనుక, పురిటికి వచ్చిన ఆడుబిడ్డ పుట్టింటి లెక్కలోనే చేరెడిది. సంఖ్యలను చదువునప్పుడు ఇదియు తలపున నుంచుకొనవలెను.

2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వేగాని, 2024 నాటి ఇంటింటి సర్వేగాని జనగణనలు కావు. వాని చీటీలు మీ పెట్టెలో నున్నచో, ఏ సర్వేవో వానిపై వ్రాసి దాచుడు. లెక్కించువారు గడపకు వచ్చినపుడు "ఇంటావిడ" యని యూరకుండక మీ నిండు పేరు చెప్పుడు. చెప్పిన వివరములనే ఆనాడే తేదీతో మీ నోటు పుస్తకమున దింపుకొనుడు. అందు మీ పుట్టింటి యింటిపేరును, మీ తల్లి పేరును ముందుగా వ్రాయుడు.