హైదరాబాదుపై సూర్యగమనం – దినప్రమాణం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పంచాంగంలోని సూర్యోదయకాలం, దినప్రమాణం స్థలాన్నిబట్టి మారుతాయి. హైదరాబాదు నగరాన్ని ఆధారంగా చేసుకొని సూర్యగమనంలోని వార్షిక భేదాలను వివరించడం, వాటి వెలుగులో ఉత్తరాయణానికీ సంక్రాంతికీ గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: దినప్రమాణం, అయనం, విషువత్తు, ఘడియ, సంక్రాంతి.

1. ప్రవేశిక:
కావ్యాలలోని ప్రభాత, సంధ్యా వర్ణనలను, శాసనాలలోని పుణ్యకాలాలను పరిశీలించేవారికి పగటి కొలత తరచుగా ఎదురవుతుంది. సంక్రాంతి నుంచే పొద్దు పెరుగుతుందన్న అభిప్రాయం లోకంలో స్థిరపడింది. దాని సత్యాసత్యాలు తేలాలంటే ఒక నిర్దిష్ట స్థలంపై సూర్యుడు నడిచే తీరు తెలియాలి.

2. సూర్యుని మార్గం:
భూమి అక్షం సుమారు 23.4 డిగ్రీలు వాలి ఉండటమే ఈ భేదాలకు మూలం. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. విషువత్తులలో సూర్యుడు తూర్పున ఉదయించి మధ్యాహ్నానికి 72.6 డిగ్రీల ఎత్తుకు చేరుతాడు. డిసెంబరు 21 ప్రాంతంలో తూర్పు నుంచి సుమారు 25 డిగ్రీలు దక్షిణంగా ఉదయించి, 49 డిగ్రీల ఎత్తు మాత్రమే అందుకుంటాడు. జూన్ 21 ప్రాంతంలో అంతే మేర ఉత్తరంగా ఉదయించి, మధ్యాహ్నం నడినెత్తికి ఉత్తరాన 84 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. కాబట్టి ఏటా రెండుమార్లు, సుమారు మే 9న, ఆగస్టు 3న, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండింటి నడుమ మిట్టమధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది.

3. దినప్రమాణం:
హైదరాబాదులో దీర్ఘతమ దినం సుమారు 13 గంటల 10 నిమిషాలు. హ్రస్వతమ దినం 11 గంటల 5 నిమిషాలు. ఘడియకు 24 నిమిషాల చొప్పున ఇవి దాదాపు 33, 27¾ ఘడియలు. వేదాంగ జ్యోతిషం దీర్ఘతమ దినాన్ని 18 ముహూర్తాలుగా, హ్రస్వతమ దినాన్ని 12 ముహూర్తాలుగా చెప్పింది. ఈ 3:2 నిష్పత్తి సుమారు 35 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి సరిపోతుంది. హైదరాబాదులో అది 6:5కు దగ్గరగా ఉంటుంది. ప్రాచీన గ్రంథంలోని కొలతను తెలుగు నేలకు యథాతథంగా అన్వయించరాదనడానికి ఇదొక నిదర్శనం.

4. గడియారకాలం – సూర్యకాలం:
భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. హైదరాబాదు దానికి 4 డిగ్రీలు పడమరగా ఉన్నందున ఇక్కడి మధ్యాహ్నం సగటున 16 నిమిషాలు ఆలస్యం. భూకక్ష్య దీర్ఘవృత్తం కావడం, అక్షం వాలి ఉండటం వల్ల ఆ సమయం కూడా నిలకడగా ఉండదు. నవంబరు ఆరంభంలో 12:00కు, ఫిబ్రవరి మధ్యలో 12:30కు సూర్యుడు మధ్యాహ్నరేఖను దాటుతాడు. ఫలితంగా పొద్దు అన్నిటికంటే ముందుగా గుంకేది నవంబరు చివరివారంలో (సుమారు 5:40). అన్నిటికంటే ఆలస్యంగా పొడిచేది జనవరి 20 ప్రాంతంలో (సుమారు 6:50). హ్రస్వతమ దినం ఈ రెండింటి నడుమ వస్తుంది. విశాఖపట్నం అక్షాంశం ఇంచుమించు ఇదే కనుక అక్కడి దినప్రమాణమూ దాదాపు సమానమే. సూర్యోదయం మాత్రం సుమారు 19 నిమిషాలు ముందు. తిథి నిర్ణయంలో సూర్యోదయం కీలకం కాబట్టి ఈ అంతరం పండుగ తేదీనే మార్చగల సందర్భాలున్నాయి.

5. సంక్రాంతి – ఉత్తరాయణం:
పగలు పెరగడం డిసెంబరు 22 ప్రాంతంలోనే మొదలై, సంక్రాంతి నాటికి సుమారు ఆరు నిమిషాలు పెరిగి ఉంటుంది. అయితే అప్పటికి ఉదయాలు ఇంకా ఆలస్యమవుతూనే ఉంటాయి. పెరిగిన పొద్దంతా సాయంత్రం వైపే కనిపిస్తుంది. నిరయన గణనలోని మకర సంక్రమణం, వాస్తవ ఉత్తరాయణం సుమారు 1,700 ఏళ్ల క్రితం ఒకేనాడు వచ్చేవి. విషువత్తుల చలనం వల్ల దాదాపు 72 ఏళ్లకొక రోజు చొప్పున ఎడం పెరిగి నేడు 24 రోజులైంది. నన్నయ జీవించిన 11వ శతాబ్దంలో అది పది పదకొండు రోజులే.

6. ముగింపు:
శాసనాలలోని ‘ఉత్తరాయణ సంక్రాంతి’ మకర సంక్రమణాన్ని సూచించే వ్యవహారమే తప్ప ఆనాటి సూర్యుని వాస్తవ స్థితికి సాక్ష్యం కాదు. దానిని నేటి డిసెంబరు అయనంతో సమీకరిస్తే కాలనిర్ణయంలో రోజుల తేడా వస్తుంది. కాలసూచనలను వ్యాఖ్యానించేటప్పుడు ఏ స్థలం, ఏ శతాబ్దం, ఏ గణన అన్న మూడు ప్రశ్నలకు ముందుగా సమాధానం చెప్పుకోవడం పరిశోధకుల కర్తవ్యం.