సైబరాబాదులో సప్తసంతానాలు

తటాకం త్రవ్వించడం, వనం నాటించడం, దేవాలయం కట్టించడం, అగ్రహారం నిలపడం, కృతి పొందడం, ధనాన్ని నిక్షేపించడం, పుత్రుణ్ణి కనడం - ఈ ఏడింటినీ మన పూర్వులు సప్తసంతానాలు అన్నారు. కావ్యాల అవతారికలలో కృతిభర్తను ప్రశంసించే సందర్భాలలో ఈ మాట తరచుగా కనిపిస్తుంది. ఇందులో గమనించదగిన విశేషం ఒకటి ఉన్నది. కన్నకొడుకుతో సమానంగా వారు చెరువును లెక్కించారు. కొడుకు ఒక ఇంటివాడు; చెరువు ఊరందరిది. మనిషి గతించిన తరువాత అతని పేరు నిలబెట్టేది నలుగురికీ పనికివచ్చే వస్తువే అని ఆ సమాజం విశ్వసించింది.

ఈ పాత లెక్కను చేతబట్టుకొని కొత్త ఊరు ఒకదానిని చూద్దాం. హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున ఉన్న మాదాపూర్, కొండాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలను కలిపి నేడు సైబరాబాదు అని వ్యవహరిస్తున్నాం. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. నాటి నుంచి హైటెక్ సిటీ అనే పేరు దేశదేశాలకు తెలిసింది. పొరుగూళ్ళ నుంచి వచ్చేవారు ఇక్కడి అద్దాల మేడలను చూసి ఆశ్చర్యపడి వెళ్తారు. ఇక్కడ ఉద్యోగం చేసేవారిలోనూ చాలామందికి ఆఫీసుకు, ఇంటికి నడుమ ఉన్న దారి తప్ప వేరొకటి తెలియదు. ఆ మేడల నడుమనే అందరికీ చెందిన సంపద ఎంతో ఉన్నది. దానిలో కొంత పూర్వులు ఇచ్చినది, కొంత మన కాలంలో ఏర్పడినది, కొంత ఏ మనిషీ చేయనిది.

ఊళ్ళ పేర్లను కాస్త ఆలకిస్తే ఆ సంపద జాడ తెలుస్తుంది. గచ్చిబౌలి అనే పేరులోని 'బౌలి' అంటే దిగుడుబావి. కొండాపూర్‌లో కొండ ఉన్నది. రాయదుర్గంలో దుర్గం ఉన్నది. మసీదుబండలో బండ ఉన్నది. నీరు, రాయి - ఈ రెండే ఈ నేలకు మూలధనం. కంప్యూటరు ఆ తరువాత వచ్చింది.

మొదట రాళ్ళ సంగతి. సప్తసంతానాలలో రాయికి చోటు లేదు. దానిని ఎవరూ చేయలేదు కనుక దానికి కర్త లేడు. ఇక్కడి నల్సరాయి సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిదని భూగర్భ శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. భూమి లోపల ఎంతో లోతున కరిగిన పదార్థం మెల్లగా చల్లారి గట్టిపడినప్పుడు ఈ శిల ఏర్పడింది. పైనున్న పొరలు కాలక్రమంలో కొట్టుకొనిపోగా బరువు తగ్గి శిలలో నిలువుగా, అడ్డంగా పగుళ్ళు పడ్డాయి. ఆ పగుళ్ళలోకి నీరు దిగింది. అంచులు ముందుగా అరిగాయి, మూలలు గుండ్రపడ్డాయి, మెత్తబడిన మన్ను వానలకు కొట్టుకుపోయింది. చివరకు మిగిలినవే ఒకదానిపై ఒకటి ఎవరో పేర్చినట్లు నిలిచిన గుండ్లు. వాటిని ఎవరూ పేర్చలేదు; చుట్టూ ఉన్న మన్ను పోయింది, అంతే.

మేడలు కట్టేందుకు ఈ గుండ్లను పగులగొట్టి చదును చేయడం మొదలైన తరువాత వీటి విలువ కొందరికి స్ఫురించింది. 1996లో కొందరు పౌరులు శిలల పరిరక్షణకు ఒక సంఘంగా ఏర్పడ్డారు. నగరంలో వారసత్వ సంపదగా గుర్తింపు పొందిన శిలా నిర్మాణాలు తొమ్మిది. వాటిలో మూడు ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు ఒకటి, హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలోని పుట్టగొడుగు రాయి ఒకటి. మూడవది శిల్పారామంలో ఉన్నది. దానిని 'ఎలుగుబంటి ముక్కు' అంటారు. ప్రబంధకవి ఎవరైనా చూసి ఉంటే భల్లూకనాసిక అని దీర్ఘసమాసం కట్టి ఉండేవాడు.

ఈ గుట్టల ఒడిలోనే దుర్గం చెరువు ఉన్నది. చుట్టూ రాళ్ళు కమ్ముకొని ఉండడంతో చాలాకాలం ఇది బయటివారి కంట పడలేదు. రహస్య సరస్సు అనే పేరు ఆ విధంగా వచ్చినదే. కుతుబ్‌షాహీల కాలంలో గోలకొండ కోటకు ఈ చెరువు నుంచి మట్టిగొట్టాల ద్వారా మంచినీరు వెళ్ళేదని చెబుతారు. కోటను చూసినవారికి గోడలలో నేటికీ కనిపించే మట్టిగొట్టాలు గుర్తుండే ఉంటాయి.

చెరువు అంటే నీరు నిలిచిన గుంట మాత్రమే అనుకోరాదు. వాన కురిసినప్పుడు రాతి గుట్టల మీది నీరు ఇంకకుండా వాగుల వెంట పల్లానికి జారుతుంది. ఆ పల్లానికి అడ్డంగా కట్ట వేస్తే చెరువు. కావలసినంత నీటిని విడిచేందుకు తూము, ఎక్కువైన నీరు పొర్లిపోయేందుకు అలుగు ఉంటాయి. ఈ అలుగునే తెలంగాణలో మత్తడి అంటారు. మత్తడి దూకిన నీరు క్రిందనున్న మరొక చెరువును నింపుతుంది. ఆ విధంగా గొలుసుకట్టుగా సాగి చివరకు మూసీనదిని చేరుతుంది. నీరు వచ్చే దారి, నిలిచే చోటు, పోయే దారి - మూడూ కలిస్తేనే చెరువు. వీటిలో ఏ ఒక్కటి మూసుకుపోయినా నీరు తన దారి తాను వెతుక్కుంటుంది. వానాకాలంలో రోడ్ల మీద మోకాలి లోతు నీరు నిలవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

చెరువు లోపలి భూమిని రెవెన్యూ లెక్కలలో శిఖం అంటారు. వానలు లేని ఏడు శిఖం ఎండి ఖాళీ స్థలంలా కనిపిస్తుంది. అక్కడే ఆశ పుడుతుంది. పూర్తి నీటిమట్టం ఎంతవరకో కొలిచి హద్దురాళ్ళు నాటడం అందుకే అవసరమైనది.

ఒకసారి మా విద్యార్థులను ఈ చెరువుకట్ట మీదికి తీసుకొనివెళ్ళాను. నేను గోలకొండ చరిత్ర చెబుతూ ఉండగా ఒక అబ్బాయి మధ్యలో అడిగాడు: "సార్, ఈ చెరువు ఎవరిది?" ప్రభుత్వానిది అన్నాను. "ప్రభుత్వానిది అయితే చుట్టూ ఇన్ని ఇళ్ళెట్ల వచ్చినయి సార్?" అన్నాడు. తరగతిలో ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పగలనన్న నా ధైర్యం ఆ పూట చెల్లలేదు.

నివాసాలు పెరిగిన కొద్దీ మురుగునీరు ఈ చెరువులో చేరి, గుర్రపుడెక్క అలముకొని, నీరు దుర్వాసన కొట్టిన రోజులున్నాయి. తరువాత మురుగు శుద్ధి కేంద్రాలు వచ్చాయి, గట్టు వెంట నడకదారి వచ్చింది. 2020 సెప్టెంబరులో చెరువు మీద తీగల వంతెన ప్రారంభమైనది. రెండు స్తంభాల నడుమ సుమారు 234 మీటర్ల దూరాన్ని అది తీగల ఆధారంతో దాటుతుంది. సాయంకాలం రంగురంగుల దీపాలతో వెలిగే ఆ వంతెనను చూడడానికి వందలమంది వస్తారు. వారిలో క్రిందికి తొంగిచూసి నీటి రంగు ఎలా ఉన్నదో గమనించేవారు తక్కువ. 2024లో చెరువుల ఆక్రమణలను అరికట్టేందుకు హైడ్రా అనే సంస్థ ఏర్పడి, ఈ చెరువు చుట్టుపక్కల ఇళ్ళకు కూడా నోటీసులు వెళ్ళినప్పుడు, మా విద్యార్థి ప్రశ్న నాకు మరల గుర్తుకు వచ్చింది.

చెరువుకు దగ్గరలోనే శిల్పారామం. సైబర్ టవర్స్ కంటే ఇది వయసులో పెద్దది. 1992లో, చుట్టూ గుట్టలు మాత్రమే ఉన్న కాలంలో, సుమారు 65 ఎకరాలలో దీనిని నెలకొల్పారు. చేతివృత్తులవారు దళారి లేకుండా తమ వస్తువులను తామే అమ్ముకొనే చోటు ఇది. పోచంపల్లి చీరలు, నిర్మల బొమ్మలు, కొండపల్లి బొమ్మలు, చేర్యాల నకాషీ పటాలు, పెంబర్తి ఇత్తడి సామాను ఒకేచోట చూడవచ్చు. లోపల గ్రామీణ ప్రదర్శనశాల ఉన్నది. కుమ్మరి సారె, నేతగాని మగ్గం, వడ్రంగి కొలువు నిలువెత్తు బొమ్మలతో అక్కడ కనిపిస్తాయి. సంక్రాంతికి ఇక్కడ గంగిరెద్దులు, హరిదాసులు వస్తారు. నిజమైన గంగిరెద్దును మొదటిసారి శిల్పారామంలోనే చూసిన నగరపు పిల్లలు ఉన్నారు. ఇందుకు సంతోషించాలో విచారించాలో నాకు తెలియదు. టిక్కెట్టు కొని చూడవలసిన పల్లె అయినా, ఆ టిక్కెట్టు డబ్బు ఒక చేనేత కుటుంబానికి చోటు ఇస్తున్నది కదా అని సమాధానపడతాను.

వనం విషయానికి వస్తే, కొత్తగూడ రిజర్వు అడవిలో సుమారు 270 ఎకరాలలో కోట్ల విజయభాస్కరరెడ్డి వృక్షోద్యానం ఉన్నది. ఔషధ మొక్కలు, ఫలవృక్షాలు, వెదుళ్ళు వేరువేరు వనాలుగా పెరిగాయి. వృక్షశాస్త్రం చదివే విద్యార్థులు పుస్తకంలోని చెట్టును ఇక్కడ తాకి చూడవచ్చు. దీని ప్రక్కనే 2017లో సైకిలు తొక్కేవారి కోసం పాలపిట్ట పేరుతో ఒక ఉద్యానం ఏర్పడింది. పాలపిట్ట తెలంగాణ రాష్ట్రపక్షి అని మీకు తెలిసినదే.

అగ్రహారమంటే విద్యావంతుల పోషణకు ఇచ్చిన గ్రామం. ఆనాటి అగ్రహారం కొందరికే దక్కింది; నేటి విశ్వవిద్యాలయం ద్వారం అందరికీ తెరిచి ఉన్నది. ఆరు సూత్రాల పథకంలో భాగంగా 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదట ఆబిడ్స్‌లోని సరోజినీ నాయుడు గృహం 'గోల్డెన్ థ్రెషోల్డ్'లో నడిచింది. తరువాత గచ్చిబౌలికి తరలివచ్చింది. 1998లో ఉర్దూ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ కూడా ఈ చుట్టుపక్కలనే వెలిశాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిసరాలలో చెరువులున్నాయి, నెమళ్ళు, జింకలు, నక్షత్ర తాబేళ్ళు ఉన్నాయి.

దాని ప్రక్కనున్న 400 ఎకరాల భూమి 2025లో దేశమంతటా చర్చకు వచ్చింది. ఆ భూమి పేరు కంచ గచ్చిబౌలి. 'కంచ' అంటే పశువుల మేతకు విడిచి కంచె వేసిన బీడు. ఊరి పశువులన్నీ మేసిన చోటు అని ఆ పేరే సాక్ష్యం చెబుతున్నది. ఐటీ పరిశ్రమల స్థాపనకై ప్రభుత్వం ఆ భూమిని చదును చేయించడం ప్రారంభించగా విద్యార్థులు అడ్డుచెప్పారు. భూమి తనదని ప్రభుత్వం, అడవిని కాపాడాలని విద్యార్థులు వాదించారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను నిలిపివేసింది. పరిశ్రమ వస్తే ఉద్యోగాలు వస్తాయన్నది నిజం. నరికిన చెట్టు మరల ఎదగడానికి ఒక తరం పడుతుందన్నదీ అంతే నిజం. నా మనసు ఎటు మొగ్గుతుందో ఈపాటికి మీరు గ్రహించి ఉంటారు.

గచ్చిబౌలి క్రీడాప్రాంగణం సప్తసంతానాల జాబితాకు అందనిది. 2002లో జాతీయ క్రీడల కోసం దీనిని నిర్మించారు. 2020లో కరోనా వ్యాపించినప్పుడు ఇక్కడి క్రీడాకారుల వసతి భవనాన్నే 1500 పడకల వైద్యశాలగా మార్చారు. అందరి కోసం కట్టినది ఏ అవసరానికి అక్కరకు వస్తుందో కట్టిననాడు ఎవరికీ తెలియదు. ధననిక్షేపం సంగతి ఈ ప్రాంతంలో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక మిగిలినది దేవాలయం. ఖాజాగూడ గుట్టల మీద బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా, అనంతపద్మనాభస్వామి ఆలయం ఒకే బండల వరుసలో ఉన్నాయి. ఉదయం వేళ రాళ్ళెక్కడం నేర్చుకొనే యువకులు, మొక్కు తీర్చుకొనేవారు, ఊరకే గాలికి వచ్చినవారు అదే దారిలో ఎక్కుతారు. హైటెక్ సిటీకి 2019 నుంచి మెట్రోరైలు నడుస్తున్నది. అక్కడి నుంచి ఈ గుట్టలు ఎంతో దూరం కాదు. ఎండ ముదరక ముందే ఎక్కడం మంచిది. పైన నిలబడితే నాలుగు దిక్కులా మేడలు, వాటి నడుమ గుండ్లు కనిపిస్తాయి.