మిడి ప్యాడ్ కంట్రోలర్‌లో స్థాయి మార్పు: రంగస్థల పద్యగాన నమోదులో దాని ప్రాధాన్యం

వ్యాససంగ్రహం:
రంగస్థల పద్యాల బాణీలను కంప్యూటర్‌లో స్వరలిపిగా నమోదు చేయడానికి మిడి ప్యాడ్ కంట్రోలర్ అనువైన సాధనం. దానిలోని ఆక్టేవ్ మీట స్వరాన్ని మార్చక స్థాయిని మాత్రమే మారుస్తుంది. ఈ మార్పు ఎక్కడ, ఎంత జరిగిందో రాసిపెట్టుకోకపోతే సేకరించిన ఆధారమే తప్పుదారి పట్టిస్తుందని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: మిడి, స్థాయి, శ్రుతి, ప్యాడ్ కంట్రోలర్, పద్యనాటకం, ఈలపాట.

1. ఉపోద్ఘాతం
పద్యనాటక గానంలో గాయకుడు తారస్థాయికి ఎప్పుడు చేరాడు, అక్కడ ఎంతసేపు నిలిచాడు అనేవి బాణీని నిర్ణయించే అంశాలు. పాత రికార్డులను విని స్వరలిపి తయారుచేసేటప్పుడు స్వరం తప్పితే చెవి వెంటనే పట్టుకుంటుంది. స్థాయి తప్పితే అంత సులువుగా పట్టుకోదు. షడ్జమం ఏ స్థాయిలో పలికినా షడ్జమమే కదా. అందువల్ల సాధనం స్థాయిని ఎలా నిర్వహిస్తుందో పరిశోధకుడు ముందుగా తెలుసుకోవాలి.

2. సంఖ్య, స్వరం, స్థాయి
1983లో వెలువడిన మిడి ప్రమాణం ధ్వనిని పంపదు. ఏ మీట నొక్కారో, ఎంత బలంగా నొక్కారో, ఎప్పుడు వదిలారో సంఖ్యల రూపంలో తెలుపుతుంది. స్వరసంఖ్యలు 0 నుంచి 127 వరకు ఉంటాయి. ఒక స్థాయికి 12 స్వరస్థానాలు. కాబట్టి ఒక సంఖ్యకు 12 కలిపితే అదే స్వరం పై స్థాయిలో వస్తుంది, 12 తీసివేస్తే కింది స్థాయిలో వస్తుంది.

గుంటూరు వాసులకు ఇది తెలిసిన లెక్కే. బ్రాడీపేటలో 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. అరండల్‌పేటలోనూ చిరునామాలు ఇదే పద్ధతిలో ఉంటాయి. 4/1 అని మాత్రమే చెబితే ఉత్తరం ఏ పేటకు చేరాలో తెలియదు. స్వరం పేరు ఆ అంకెల వంటిది, స్థాయి పేట పేరు వంటిది. మిడి సంఖ్యలో ఈ రెండూ కలిసే ఉంటాయి.

3. ఆక్టేవ్ మీట, బ్యాంక్ మీట
1988లో వచ్చిన అకాయ్ ఎంపీసీ60 నాటి నుంచి నాలుగు వరుసల్లో పదహారు ప్యాడ్ల అమరిక ప్రచారంలో ఉంది. మొదటి ప్యాడ్‌ను షడ్జమంగా తీసుకుని స్వరస్థానాలను వరుసగా అమర్చితే పదమూడోది తారషడ్జమం, పదహారోది తారస్థాయి సాధారణ గాంధారం. అంతకుమించి పాడిన చోట స్థాయి మార్చక తప్పదు.

ఇక్కడ రెండు మీటల మధ్య భేదం గమనార్హం. ఆక్టేవ్ మీట 12 స్థానాలు జరుపుతుంది. షడ్జమం షడ్జమంగానే ఉంటుంది. ప్యాడ్లు వరుస సంఖ్యల్లో ఉన్నప్పుడు బ్యాంక్ మీట సాధారణంగా 16 స్థానాలు జరుపుతుంది. అప్పుడు షడ్జమం ఉన్న ప్యాడ్‌పై తారస్థాయి అంతర గాంధారం పలుకుతుంది. చేతివేళ్లకు అలవాటైన స్వరక్రమం మొత్తం చెదిరిపోతుంది.

తాళవాద్యాల విషయం వేరు. 1991 నాటి జనరల్ మిడి ప్రమాణం ప్రకారం పదో చానల్‌లో 36 బేస్ డ్రమ్, 48 ఒక టామ్. అక్కడ 12 కలిపితే మారేది స్థాయి కాదు, వాద్యమే.

4. శ్రుతి వేరు, స్థాయి వేరు
ఐదు శ్రుతిలో పాడిన పద్యానికి ఆధార షడ్జమం జి. పురుష కంఠానికి సంఖ్య 55, సుమారు 196 హెర్ట్జ్. ప్యాడ్లు 36తో మొదలవుతుంటే ఆక్టేవ్ మీటను ఒకసారి నొక్కితే 48 వస్తుంది. మిగిలిన 7 స్థానాలను ట్రాన్స్‌పోజ్ ద్వారా కలపాలి. మొదటిది స్థాయి మార్పు, రెండోది శ్రుతి మార్పు. ఆక్టేవ్ మీటను ఎన్నిసార్లు నొక్కినా శ్రుతి కుదరదు.

5. మార్పు ఎక్కడ జరుగుతుంది?
కంట్రోలర్‌పై స్థాయి మార్చితే సాఫ్ట్‌వేర్‌కు మారిన సంఖ్యే చేరుతుంది, అదే నమోదవుతుంది. సాఫ్ట్‌వేర్ ట్రాక్‌లో మార్చితే చాలా సందర్భాల్లో వినిపించే ధ్వని మాత్రమే మారుతుంది, నమోదైన సంఖ్య పాతదే. చెవికి రెండూ ఒకటే. సంఖ్యలను లెక్కించి పరిధిని విశ్లేషించే పరిశోధనకు మాత్రం 12 తేడా. రెండు చోట్లా మార్చితే తేడా 24 వినిపిస్తుంది.

ప్యాడ్ నొక్కి ఉంచి స్థాయి మార్చడంలోనూ చిక్కుంది. కొన్ని సాధనాలు వదిలిన సందేశాన్ని కొత్త సంఖ్యతో పంపుతాయి. పాత స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. స్వరాన్ని వదిలిన తరువాతే మీట నొక్కడం శ్రేయస్కరం.

6. ఈలపాట: ఒక అన్వయం
గుంటూరు జిల్లా సుద్దపల్లికి చెందిన ఈలపాట రఘురామయ్య (1901-1975) కృష్ణపాత్రధారిగా పద్యాలను గళంతోనూ, ఈలతోనూ పలికించారు. మనిషి ఈల సాధారణంగా 500 హెర్ట్జ్‌కు పైబడి మోగుతుంది. 55ను ఆధారంగా పాడిన పద్యాన్ని రెండు స్థాయిల పైన ఈల వేస్తే షడ్జమం 79కి, అంటే 784 హెర్ట్జ్‌కు చేరుతుంది. ఇటువంటి గానాన్ని నమోదు చేసేవారు సౌలభ్యం కోసం ఈల భాగాన్నీ గళం స్థాయిలోనే వాయిస్తే స్వరలిపి ఒప్పే అవుతుంది. కానీ ఏ విశిష్టత వల్ల ఆయన పేరుకు ముందు ఈలపాట చేరిందో అది లిపిలో కనిపించదు. గమకాన్ని ప్యాడ్ పూర్తిగా పట్టుకోలేదన్నది అంగీకరించిన పరిమితి. స్థాయిని కోల్పోవడం సాధనం పరిమితి కాదు, పద్ధతిలోని లోపం.

7. ముగింపు
ప్రతి నమోదుతోపాటు నాలుగు వివరాలు రాయాలి: ఆధార షడ్జమం సంఖ్య, మొదటి ప్యాడ్ సంఖ్య, కంట్రోలర్‌పై చేసిన మార్పు, సాఫ్ట్‌వేర్‌లో చేసిన మార్పు. స్వరాల ఆంగ్ల నామాలకు బదులు సంఖ్యలనే వాడాలి. 60వ సంఖ్యను కొన్ని సంస్థలు సి3 అని, కొన్ని సి4 అని పిలవడమే ఇందుకు కారణం. ఈ వివరాలు ఉన్నప్పుడే ఒకరి నమోదును మరొకరు సరిచూడగలుగుతారు, ఇద్దరు నటుల గానపరిధిని న్యాయంగా పోల్చగలుగుతారు.